కత్తెర ముక్కల కానుకలు – నంద్యాల నుండి ఆళ్లగడ్డ దాకా



క్రిస్మస్ నెల దగ్గర పడేకొద్దీ మన పల్లెటూరి గృహాలలో ఒక లెక్క మొదలవుతుంది. పిల్లలకు కొత్త బట్టలు, ఇంటికి సున్నం, పిండివంటల సామాను. ఆ పైన అమ్మగారికి, సండేస్కూలు టీచరుకు, పుట్టింటివారికి ఏదో ఒక చిన్న కానుక. చేతికి డబ్బు మాత్రం పంట అమ్మితేనే గాని రాదు. డబ్బు ఖర్చు లేకుండా, అయినా పుచ్చుకొన్నవారు సంతోషంగా వాడుకొనేలా ఇవ్వదగినది ఏమున్నది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని మేమిద్దరం నంద్యాల నుండి ఆళ్లగడ్డ వరకు వెళ్లివచ్చాము. అక్కడ చూచినవి, విన్నవి, నేర్చుకొన్నవి మీతో పంచుకొంటున్నాము.

దూది పుట్టిన నేల

నంద్యాల నల్లరేగడి భూముల మధ్య, కుందూ నది పక్కన ఉన్న ఊరు. తూర్పున చూస్తే నల్లమల కొండలు నీలంగా కనిపిస్తాయి. చాలా కాలం కర్నూలు జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 నుండి తానే ఒక జిల్లా కేంద్రమైంది. ఈ నేలకు పత్తితో పాత చుట్టరికం ఉన్నది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906లో మొదలైంది. పూర్వం ఈ ప్రాంతపు నాటు పత్తి 'నార్తర్న్స్' అనే పేరుతో బజారులో అమ్ముడుపోయేది. నాటు పత్తి పింజ పొట్టిది. సన్నని నూలుకు అంతగా పనికిరాకపోయినా, పరుపులకూ తలగడలకూ అటువంటి దూదే మంచిది. వింటితో దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకులవారి కుటుంబాలు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి.

అయితే పరుపు కొనలేని ఇంట్లో పరుపు ఏది? బొంతే. చినిగిన చీరలు నాలుగైదు పొరలుగా పరచి, పెద్ద సూదితో చుట్టూ వరుసలు వరుసలుగా కుట్టినది బొంత. బెంగాలులో దీనిని కాంతా అంటారు, బీహారులో సుజని, పక్కనున్న కర్ణాటకలో కౌది. పేర్లు వేరైనా పని ఒకటే. పాత బట్టను పారవేయకుండా దానికి మరొక బ్రతుకు ఇవ్వటం.

నంద్యాల బజారులో ఒక టైలరు అంగడి ముందు ఆగాము. మిషను కింద పెద్ద గోనెసంచి నిండా జాకెట్ల ముక్కలు, లంగాల అంచులు, చొక్కాల చేతుల దగ్గర మిగిలిన త్రికోణాలు ఉన్నాయి. కావాలని అడిగితే ఆయన నవ్వాడు.

"ఏం చేసుకుంటారక్కా ఈ పీసులు? దిండులో కుక్కుకుంటారా?"

"కానుకలు కుడతామన్నా" అన్నాము.

"ఈ ముక్కలతోనా?" అని ఇంకా నవ్వి, సంచి మా ముందు బోర్లించాడు. పైసా తీసుకోలేదు.

ఏరుకొనేటప్పుడు ఒక మెలకువ కావాలి. నూలు ముక్కలనే తీసుకోవాలి. అనుమానం వస్తే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి గుండులా ముడుచుకుంటుంది. పాలిస్టరుతో కుట్టినది వేడి గిన్నెకు తగిలితే కరిగి చేతికి అంటుకొంటుంది. కనుక వంటింటి వస్తువుల్లోకి దానిని రానివ్వకూడదు.

దారిలో

నంద్యాల నుండి ఆళ్లగడ్డ దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు. కడపకు పోయే పెద్దరోడ్డు మీద సిరివెళ్ల దాటి పోవాలి. దారి పొడవునా ఎడమచేతి వైపు నల్లమల మనతోనే వస్తుంది. ఆళ్లగడ్డకు ముందుగా కనిపించేది రాతిపని. శిల్పులు రోడ్డు పక్కనే కూర్చొని ఉలితో చెక్కుతూ ఉంటారు. చుట్టూ తెల్లని రాతిపొడి, రాతిముక్కలు. ఆ ముక్కలను మళ్లీ ఒకటిగా కలపలేము. గుడ్డ ముక్కలకు ఆ అవకాశం ఉన్నది.

ఈ ప్రాంతంలో మన సంఘాలు పాతవి. ఆళ్లగడ్డకు దిగువన ఉన్న ముత్యాలపాడులో 19వ శతాబ్దం నడిమికాలంలోనే ఎస్.పి.జి. మిషను పని మొదలైంది. పల్లెపల్లెకు బడి, గుడి వచ్చాయి. ఆ బడులలో చదివినవారి మనుమలు, మునిమనుమలే ఈనాడు ఇక్కడి సంఘాలలో ఉన్నారు.

అవ్వ మాట

ఆళ్లగడ్డ పక్కపల్లెలో మేము వెళ్లిన ఇంటిలో ఒక అవ్వ, ఆమె మనుమరాలు ఉన్నారు. మనుమరాలు టైలరింగు నేర్చి ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నది. తొక్కుడు మిషను మీద, కత్తెర ముక్కలతో, బైబిలుకు ఒక తొడుగు కుట్టి పెట్టింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలు. వాటి మీద తీగలాగా మెలికలు తిరిగిన కుట్టు. ఈ క్రిస్మస్‌కు సంఘంలోని అమ్మగారికి ఇవ్వాలని ఆ అమ్మాయి ఆశ.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

"అతుకులేసినది ఇంట్లో కప్పుకునేదే గానీ, ఒకరి చేతికి ఇచ్చేదా అమ్మా? మాకు గుడ్డలకు గతి లేదని మేమే చెప్పుకున్నట్టు ఉండదా? మా చిన్నప్పుడు మాసికలేసిన పావడ కట్టుకొని బడికి పోతే ఎనకాలే కూచోబెట్టేటోళ్లు."

మేము మాట్లాడలేకపోయాము. కానుక ఖర్చు గూర్చి ఆలోచిస్తూ వచ్చిన మాకు, కానుక వెనుక ఇంత కథ ఉంటుందని తట్టలేదు. మన కుటుంబాలలో ఎందరో పెద్దవారికి అతుకు అనగానే గుర్తుకు వచ్చేది లేమి, ఇతరుల ముందు తల వంచుకొని నిలబడిన రోజులు. ఆ బాధను చిన్నదని కొట్టిపారవేయలేము.

మనుమరాలు ఎదురు చెప్పలేదు. "అవ్వా, ఒక్కసారి చేత్తో పట్టుకొని చూడు" అని తొడుగును అవ్వ ఒడిలో పెట్టింది. అవ్వ దానిని బొంత చూచినట్టే చూచింది. అంచు పట్టి లాగింది. రెండు వేళ్ల మధ్య పొరలను నలిపి, లోపలి గుడ్డ జారుతున్నదేమోనని చూచింది. తిప్పి, వెనుక కుట్టు చూచింది. చాలాసేపటికి అన్నది: "లోపలిది కదలడం లేదే. గట్టిగానే కుట్టినావు. ఇది చినిగినదానికి ఏసిన మాసిక కాదులే."

ఆ ఒక్క మాట కొరకే ఇంత దూరం వచ్చామా అనిపించింది. మాసిక వేరు, కూర్పు వేరు. చిరుగును దాచటానికి వేసేది మాసిక. ముక్కలను ఏరి, రంగులు చూచుకొని, ఒకటిగా నిలపటం కూర్పు. మొదటిది అక్కర కొద్దీ చేసేది. రెండవది ప్రేమ కొద్దీ చేసేది.

కుట్టే విధానం

ఈ మెలికల కుట్టును ఇంగ్లీషులో ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటారు. మన టైలరింగు సెంటర్లలో మిషను ఎంబ్రాయిడరీ అని నేర్పేది కూడా ఈ పద్ధతిలోనే. అక్కడ ఒక పొర బట్టను రింగులో బిగిస్తారు, ఇక్కడ మూడు పొరలను చేతులతోనే పట్టుకొంటాము. కొత్త మిషను అక్కరలేదు. కరెంటూ అక్కరలేదు.

మామూలు కుట్టులో సూది కింద ఉండే ఇనుప పళ్లు బట్టను వెనక్కు జరుపుతాయి. కుట్టు తిన్నగా పోతుంది. ఈ కుట్టులో ఆ పళ్లకు పని లేదు. కొన్ని మిషన్లలో మర తిప్పి వాటిని కిందికి దింపవచ్చు. ఆ వీలు లేనివారు సూది దిగేందుకు చిన్న రంధ్రం చేసిన పలుచని అట్టముక్కను వాటిమీద అంటించవచ్చు. బట్టను నొక్కే ఫుట్టును తీసివేయాలి. స్ప్రింగు ఉన్న రఫ్ఫు ఫుట్టు దొరికితే అది బిగించుకొంటే వేళ్లకు భద్రం. ఇక బట్టను ఎటు జరిపితే కుట్టు అటు పోతుంది. సూది కలం వంటిది, కాగితం మన చేతిలో కదులుతుంది.

ముందుగా ముక్కలన్నిటిని ఉతికి ఆరవేయండి. రంగు దిగేది దిగిపోతుంది, ముడుచుకొనేది ముడుచుకొంటుంది. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చిరుగు మరింత పెద్దదవుతుందని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. అది మన ఇండ్లలోని స్త్రీలకు అనుభవంలో ఉన్న సంగతే.

తరువాత ముక్కలను కలిపి 8 అంగుళాల చదరం కుట్టండి. నడుమ మెత్తబడిన పాత తువాలు, అడుగున ఒకే రంగు గుడ్డ పెట్టండి. మూడు పొరలూ జారకుండా చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేయండి. అవ్వలు బొంతకు చేసినది ఇదే.

మిషను దగ్గర మూడు సంగతులు మరువకండి. ఫుట్టు లేకపోయినా దానిని దింపే లివరు కిందికి దింపి ఉండాలి. లేకుంటే పైదారం బిగువు పట్టక అడుగున దారమంతా ఉండలు కడుతుంది. మొదటి కుట్టు వేయగానే బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు దారాలను పట్టుకొని మొదలుపెట్టండి. మూడవది, కాలు, చెయ్యి కలిసి నడవాలి. చెయ్యి తొందరపడితే కుట్లు పొడుగవుతాయి. కాలు తొందరపడితే కుట్లు ఒకేచోట పోగుపడతాయి. వేళ్లు సూదికి దూరంగా, బట్టకు రెండు వైపులా చాపి ఉంచండి.

ఏమి గీయాలని దిగులు వద్దు. చెయ్యి ఎత్తకుండా మెలిక ముగ్గు వేసే చేతికి ఈ పని తొందరగా వస్తుంది. అభ్యాసానికి ఒక చింపిరి గుడ్డ మీద మీ పేరు రాయండి. మన తెలుగు అక్షరాలు గుండ్రనివి కనుక చెయ్యి తిరగటానికి ఇంతకంటె మంచి పాఠం లేదు. చివరకు చుట్టూ పట్టీ వేసి, ఒక మూల తగిలించుకొనే గుబ్బ కుట్టితే వేడి గిన్నె దింపుకొనే మసిగుడ్డ తయారు. ఇదే పద్ధతిలో చిల్లర సంచి, పిల్లల పెన్నుల సంచి, బైబిలు తొడుగు, పసిబిడ్డకు చిన్న బొంత కుట్టవచ్చు. బైబిలు తొడుగుకు, గ్రంథాన్ని తెరచి పరచి కొలవండి. పైనా కిందా అర అంగుళం చొప్పున, రెండు ప్రక్కలా లోపలికి మడవటానికి రెండున్నర అంగుళాల చొప్పున ఎక్కువ పెట్టుకోండి.

దూరదేశపు సాక్ష్యము

అవ్వ పడిన సిగ్గు మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. అక్కడివారు పత్తి తోటలలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతానం. చలికి ఓర్వలేక, పొలం పనిలో చినిగిన పాత బట్టలను కోసి, అతికి స్త్రీలు బొంతలు కుట్టుకొన్నారు. 1966లో ఎపిస్కోపల్ సంఘపు గురువు ఫ్రాన్సిస్ వాల్టర్ సహాయంతో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక కుట్టు సహకార సంఘం పెట్టుకొన్నారు. 2002లో ఆ పల్లె బొంతలను హూస్టన్‌లోని మ్యూజియంలోను, తరువాత న్యూయార్క్‌లోను గోడలకు తగిలించి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు అచ్చువేసింది. పేదరికంలో కుట్టినవే, పాత బట్టలే. చూచేవారి కన్ను మారింది.

అంత గొప్ప మాట మనకు ఎందుకు? అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలోని దొర్కా చాలు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఆమె ఆస్తి చూపలేదు, ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రాలు చూపి ఏడ్చారు. మొదటి క్రిస్మస్ రాత్రి రక్షకుని చుట్టినవి కూడా పొత్తిగుడ్డలే గదా.

మన సంఘములలో

స్త్రీల మైత్రి కూడికలకు ఇది చక్కని పని. ఊరి టైలరు దగ్గర ముక్కలు అడగండి. మిషను తెలిసిన అమ్మాయిలను, బొంత కుట్టటం తెలిసిన అవ్వలను ఒకచోట కూర్చోబెట్టండి. పొరలు జారకుండా పట్టే ఒడుపు అవ్వలది, మెలికలు తిప్పే చురుకు అమ్మాయిలది. కొనుక్కొనే దుప్పట్లు వచ్చిన తరువాత బొంత కుట్టే చేతులు తగ్గిపోతున్నాయి. ఆ అవ్వలు ఉండగానే నేర్చుకోకపోతే తరువాత అడగటానికి ఎవరూ ఉండరు. కుట్టినవాటిలో కొన్ని కోతపండుగ వేలంలో పెట్టండి, కొన్ని క్రిస్మస్‌కు ఇవ్వండి.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. మాసిన ముక్క, చీకిన ముక్క వేయవద్దు. వంకర కుట్టును విప్పి మళ్లీ కుట్టండి. డబ్బు పెట్టని కానుకలో సమయం పెట్టాలి. పుచ్చుకొన్నవారు వెనుకకు తిప్పి చూచినా సిగ్గుపడనక్కరలేనట్లు కుట్టండి. అప్పుడు అతుకులు మన లేమిని చెప్పవు, మనం వారికొరకు కూర్చున్న గంటలను చెబుతాయి.