పొడిచర్మం, నూనెస్నానం

డెబ్బయి నాలుగేళ్ళు నిండిన తరువాత నా మోకాళ్ళ క్రింది చర్మం ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది. మార్గశిరంలో మొదలై శివరాత్రి దాకా వేధించే ఈ దురదతో రాత్రులు మెలకువ వచ్చినప్పుడల్లా మా అమ్మ గుర్తుకు వస్తుంది. సుమారు నలభై సంవత్సరాల క్రితం ఆమెకూ ఇదే బాధ కలిగింది. అప్పుడు ఆమెకు వైద్యం చేసినవాడిని నేనే. ఆ వైద్యం ఎలా సాగిందో ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు.

1986లో నేను ఆదిలాబాదు జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాడిని. నాన్నగారు పోయిన తరువాత అమ్మను గోదావరి డెల్టాలోని మా ఊరి నుంచి తీసుకువచ్చి నా దగ్గర ఉంచుకున్నాను. ఆమెకు అప్పుడు అరవైయెనిమిదేళ్ళు. కాలువగట్టు ఊళ్ళో, ఎప్పుడూ తేమ ఉండే గాలిలో జీవితమంతా గడిపిన మనిషి. ఆదిలాబాదు చలి వేరు. అక్కడ డిసెంబరులో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటె దిగువకు పోవడం సాధారణం. గాలి కూడా పొడిగా ఉంటుంది. మా క్వార్టరులో కట్టెలపొయ్యి మీద పెద్ద గంగాళంతో నీళ్ళు ఎప్పుడూ కాగుతూ ఉండేవి. చలికి ఓర్చుకోలేక అమ్మ పొగలు కక్కే నీళ్ళతో, నేను కొనిచ్చిన సబ్బుతో రోజుకు రెండు పర్యాయాలు స్నానం చేసేది. నెల తిరగకముందే పిక్కలు, ముంజేతులు, నడుము తెల్లగా పొట్టు రేగి, గోకిన చోటల్లా ఎర్రటి చారలు పడ్డాయి.

"ఒరే అబ్బాయ్, కాస్త నువ్వులనూనె తెప్పించరా, ఒంటికి రాసుకుంటాను" అన్నది.

ఆమె అడిగినది అంతే. "ఇది నూనెతో పోయేది కాదమ్మా" అని నవ్వేశాను. ఆ రోజుల్లో దురదతో మా కేంద్రానికి వచ్చేవారిలో ఎక్కువమందికి గజ్జి ఉండేది. ఒక్కొక్క ఇంట్లో అయిదారుగురికి కనిపించేది. అమ్మకూ గజ్జే అనుకొని బెంజైల్ బెంజోయేట్ ద్రావకం ఇచ్చి మెడ నుంచి పాదాల వరకు పూసుకోమన్నాను. పగిలిన చర్మం మీద ఆ మందు నిప్పులా మండుతుంది. ఆ రాత్రంతా ఆమె తడిగుడ్డ కప్పుకొని కూర్చున్నది. నేను ఆమె వేళ్ళ సందులు చూడలేదు. ఇంట్లో మరెవ్వరికీ దురద లేదన్న సంగతి కూడా నా బుద్ధికి తట్టలేదు. పరాయి రోగి అయి ఉంటే చూసేవాడినేమో.

తరువాత క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు మొదలుపెట్టాను. రాత్రికి ఒకటి, దానితో తగ్గకపోతే రెండు. ఆ మందు హిస్టమిన్ అనే పదార్థపు చర్యను అడ్డుకుంటుంది కనుక దద్దుర్లకు ఉపయోగపడుతుంది. చర్మం ఎండిపోవడం వలన కలిగే దురదలో హిస్టమిన్ పాత్ర స్వల్పం. అందుచేత దురద అలాగే ఉన్నది, మత్తు మాత్రం వచ్చింది. వృద్ధులలో ఆ మత్తు తెల్లవారినా వదలదు. కొందరిలో మతి తప్పుతుంది, కొందరికి మూత్రం బిగుస్తుంది. అయిదో రాత్రి ఆమె దొడ్లోని మరుగుదొడ్డికి వెళ్ళబోయి మెట్టు దగ్గర తూలి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నది. చీకట్లో మెట్టు కనబడక పడిందని అందరికీ చెప్పాను.

చేతికి పిండికట్టు వేసిన తరువాత ఆమెకు స్నానం చేయించడానికి మా కేంద్రంలోని ఆయా వచ్చేది. మొదటి రోజే ఆమె బయటికి వచ్చి, "సారూ, అమ్మ తోలు గిట్ల పలిగితే గోలీలేం జేస్తయి? ఇంత నూనె తెప్పియ్యుండ్రి" అన్నది. తెప్పించే లోపల తన ఇంట్లో ఉన్న ఇప్పనూనె తెచ్చింది. చలికి పేరుకొని వెన్నలా ఉన్న దానిని అరచేతుల్లో వేసి కరిగించేది. గోరువెచ్చని నీళ్ళు పోసి, చంకలకు, పాదాలకు తప్ప సబ్బు తగలనీయక, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే ఆ నూనెను పలుచగా పట్టించేది. ఇప్పనూనె వాసన అమ్మకు నచ్చలేదు. నాలుగు రోజుల తరువాత నువ్వులనూనెకు మారింది. పది రోజులలో రాత్రులు నిద్రపోసాగింది. మాత్రలు నేను చెప్పకుండానే మానేసింది.

ఆయా చేసిన పనిలోని శాస్త్రం నాకు తెలియనిదేమీ కాదు. చర్మపు పైపొరలో మృతకణాలు ఇటుకల వలె పేర్చి ఉంటాయి. వాటి నడుమ కొవ్వుపదార్థాలు సున్నం వలె ఆ ఇటుకలను పట్టి ఉంచుతాయి. లోపలి నీరు ఆవిరై పోకుండా కాపాడేది ఆ కొవ్వే. వయసు పెరిగినకొద్దీ దాని ఉత్పత్తి తగ్గుతుంది, స్వేద గ్రంథులూ తైల గ్రంథులూ మందగిస్తాయి. మిగిలిన కొద్దిపాటి కొవ్వును మరిగే నీళ్ళు, సబ్బు కడిగివేస్తాయి. మామూలు సబ్బు క్షారగుణం కలది. దాని పీహెచ్ 9, 10 వరకు ఉంటుంది. చర్మానిది 5 దరిదాపులలో ఉంటుంది. నూనె చర్మానికి తేమను ఇవ్వదు. ఉన్న తేమను పోనీయకుండా మూతవేస్తుంది. ఎండిన కుండకు మూత వేస్తే ప్రయోజనం ఏమిటి? కనుక స్నానం చేసి ఒళ్ళు తడిసిన వెంటనే రాసుకోవాలి.

మన అభ్యంగనస్నానంలో నూనె ముందు, నీళ్ళు తరువాత కదా అని అడుగుతారు. నిజమే. పూర్వం ఆ నూనెను సున్నిపిండితో నలిచి తీసేవారు. పిండి అదనపు నూనెను పీల్చుకొని, పలుచని పొరను చర్మం మీద మిగిల్చేది. ఇప్పుడు శనివారం తలంటు పేరిట నూనె మర్దించుకొని, జిడ్డు పోయేదాకా రెండుసార్లు సబ్బు రుద్దుతున్నారు. మర్దన హాయి దక్కుతుంది గాని, చర్మానికి మిగిలేది ఏమీ లేదు.

రెండేళ్ళ క్రితం విదేశంలో ఉన్న మా అమ్మాయి 'బాత్ ఆయిల్' సీసా ఒకటి తెచ్చి ఇచ్చింది. తొట్టె నిండా నీళ్ళు నింపి అందులో పడుకొనే దేశాలకు పుట్టిన వస్తువు అది. వాటిలో కొన్ని నీటిలో పాలవలె కలిసిపోతాయి, కొన్ని పైన తేలుతాయి. బకెట్టు నీళ్ళలో చెమ్చాడు కలిపి చెంబుతో పోసుకుంటే అధికభాగం తూము పాలు, కొంత నేల పాలు. తొట్టె స్నానంలోనైనా ఎంత లాభమన్నది సందేహమే. బ్రిటనులో గజ్జి కాని మరొక చర్మవ్యాధి, ఎగ్జిమా ఉన్న 482 మంది పిల్లల మీద జరిపిన పరిశోధన 2018లో ప్రచురితమైంది. ఒంటికి పూసే లేపనాలు యథావిధిగా వాడుతూ స్నానపు నీటిలోనూ ఇటువంటివి కలిపితే అదనంగా చెప్పుకోదగిన మేలు కనబడలేదు. అది పిల్లల సంగతి, వృద్ధులది కాదు. అయినా సీసాకు పెట్టే డబ్బు గురించి ఒకసారి ఆలోచించుకోవచ్చును. మా అమ్మాయి నొచ్చుకోకూడదని ఆ సీసాను స్నానం తరువాత పూసుకోవడానికి వాడి పూర్తి చేశాను. సుగంధం ఎక్కువై మెడ మీద కొంచెం ఎర్రబడింది.

వంటింటి కొబ్బరినూనె, నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె చాలును. నూనెలు సరిపడనివారికి మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ గాని, వాసెలిన్ గాని చౌకైనవే. ఆవనూనె కొందరికి మంట పుట్టిస్తుంది. ఆలివ్ నూనె ఖరీదైనది కనుక మంచిదనుకుంటారు, కాని అది చర్మపు రక్షణపొరను బలహీనపరుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. గోరువెచ్చని నీటితో అయిదు, పది నిమిషాలలో స్నానం ముగించి, తువాలుతో రుద్దకుండా అద్దుకొని, రెండు మూడు నిమిషాలలో ఒకటి రెండు చెమ్చాల నూనె ఒంటికంతా పలుచగా పట్టించండి. కాలివేళ్ళ సందులలో మాత్రం వద్దు. అక్కడ తడి, జిడ్డు నిలిస్తే బూజుతెగులు వస్తుంది. తామర ఉన్నవారు ముందు దానికి చికిత్స చేయించుకోవాలి.

ఇక నాకు భయం కలిగించే విషయం. స్నానాలగదిలో నిలబడి నూనె రాసుకోకండి. అరికాళ్ళకు జిడ్డు, క్రింద పలకరాళ్ళు, పైన తడి: తుంటి ఎముక విరగడానికి ఇంతకంటె ఏం కావాలి? గది బయటికి వచ్చి, కుర్చీలో కూర్చొని రాసుకోండి. అరికాళ్ళకు రాస్తే మేజోళ్ళు తొడుక్కోండి. నూనె పీల్చిన చీరకొంగు, లుంగీ మామూలు బట్ట కంటె త్వరగా అంటుకుంటాయి కనుక ఆ బట్టలతో పొయ్యి దగ్గరకు, దీపం దగ్గరకు పోవద్దు.

రెండు మూడు వారాలు శ్రద్ధగా నూనె వాడినా దురద తగ్గకపోతే వైద్యునికి చూపించుకోవాలి. మూత్రపిండాల వ్యాధి, కాలేయవ్యాధి, థైరాయిడ్ లోపం, మధుమేహం, ఇనుము లోపం, కొత్తగా మొదలైన మందులు, అరుదుగా లింఫోమా కూడా వృద్ధులలో దురదతోనే బయటపడవచ్చును. ఇంట్లో మరొకరికీ దురద ఉంటే, రాత్రిపూట ఎక్కువైతే, వేళ్ళ సందులలో పొక్కులు కనిపిస్తే అది గజ్జి. అప్పుడు నూనె పనిచేయదు. నిద్రమత్తు మాత్ర మాత్రం అడగవద్దు. వైద్యుడు వ్రాసినా, తూలుతుందా అని అడగండి.

అమ్మ ఆ తరువాత పదకొండేళ్ళు బ్రతికింది. ఎముక కొంచెం వంకరగానే అతుక్కున్నది. ఆ మాత్రల గురించి నేను ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు. ప్రతి చలికాలం స్నానం చేసి వచ్చి, ఆ వంకర చేత్తోనే నూనెగిన్నె నా వైపు జరిపి, "వీపుకు అందడం లేదు, కాస్త రాయరా" అనేది.