పాత జీపూ, గాలి బుడగలూ

హైదరాబాద్ హుస్సేనీ ఆలంలో పాత జీపు బాగుచేసుకోవడానికి చోటుకే కరువు గానీ, సలహాలకు కాదు. పొద్దున్నే బానెట్ ఎత్తితే చాలు, చాయ్ గ్లాసుతో ఓ చాచా వచ్చి తొంగిచూస్తాడు. "బ్యాటరీ మార్చు మియా" అంటాడు. గల్లీ మొత్తానిదీ అదే తీర్పు.

నా బండి మహీంద్రా ఎంఎం 540. ఆ కంపెనీ 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో బళ్ల పని మొదలుపెట్టింది. దీనికి మాత్రం ప్యూజో డీజిల్ ఇంజన్. రాత్రంతా నిలబెడితే పొద్దున ఎంత తిప్పినా అందుకోదు. సెల్ఫ్ జోరుగానే తిరుగుతోంది, కాబట్టి బ్యాటరీ నిర్దోషి. హీటర్ ప్లగ్గులు విప్పి చూస్తే ఎర్రబడుతున్నాయి. చేతిపంపు కొట్టి గాలి తీశాక మాత్రం వెంటనే స్టార్టవుతుంది. అంటే ఎక్కడో గాలి దూరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. డీజిల్ కారితే మరక పడుతుంది. గాలి పీలిస్తే ఏ గుర్తూ ఉండదు, అదే చిక్కు. ఫిల్టర్‌కి ముందు, లోపల కనబడే జానెడు ప్లాస్టిక్ పైపు తగిలించా. సన్నటి బుడగలు వరసకట్టాయి. పైపు బోల్టు కింది రాగి వాషర్ అరిగిపోయింది.

రాగి వాడేకొద్దీ గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడి అతుక్కు కూర్చుంటుంది. కానీ నా వాషర్ మరీ పల్చబడింది. పుత్లీబౌలీలో కొత్తది కొన్నా. బ్యాటరీ ధరతో పోలిస్తే చిల్లరే.

ఈ సందుల్లో జీపుకి ఫోర్‌వీల్ లివర్ దేనికని కూడా గల్లీవాళ్లు అంటారు. నిజమే, పొడి తారురోడ్డు మీద అది వేస్తే గేర్లు బిగుసుకుపోతాయి. కానీ వానాకాలంలో వికారాబాద్ బురద ఉండనే ఉంది. అక్కడికి వెళ్లే ముందు క్లచ్ సంగతి కూడా చూడాలి.