క్వింటా మిర్చి, రెండు చెవులు

చాలా రోజులుగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వస్తున్న సంగతి ఇది. పాటలు వినే పిచ్చి ఉన్న మిత్రులకు కొంత పనికిరావచ్చు. లేనివారు మధ్యలో వదిలేసినా నేనేమీ అనుకోను.

2025 సంక్రాంతికి ఇంటికి వెళ్ళే ముందు ఒక జత ఇయర్‌ఫోన్లు కొన్నాను. చెవి లోపలికి దూర్చుకునే రకమే గానీ, లోపల శబ్దం పుట్టించే పరికరం మాత్రం మామూలుది కాదు, ప్లానార్ మాగ్నెటిక్. (తెలుగులో ఏమనాలో తోచక వీటికి నా మటుకు నేను 'పలకబిళ్ళలు' అని పేరు పెట్టుకున్నాను. నిఘంటుకర్తలు క్షమింతురు గాక.) వెల పన్నెండు వేలకు కాస్త తక్కువ. తయారుచేసినవారి పేరు చెప్పను, ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఐదువందలకు దొరికేవీ లక్ష దాటేవీ ఉన్న ఇయర్‌ఫోన్ల లోకంలో ఈ వెలను 'మధ్యరకం' అంటారు. నేనూ అలాగే అనుకుని కొన్నాను.

ఊళ్ళో ఆ మాట నిలవలేదు. మాది పర్చూరుకూ చిలకలూరిపేటకూ నడుమ నల్లరేగడి ఊరు. 2022లో జిల్లాలు మార్చాక ఒకటి బాపట్లకూ ఇంకొకటి పల్నాడుకూ పోయాయి గానీ, పత్తీ మిరపా వేసేవారికి ఆ గీతలతో పనిలేదు. ఆఫీసు పని ఇంటి నుండే చేసుకునే వెసులుబాటు ఉండడంతో నేను మార్చి దాకా అక్కడే ఉండిపోయాను. ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం మిర్చికి ధర ప్రకటించింది, క్వింటాకు 11,781 రూపాయలు. అన్నయ్య కల్లంలో కాయలు తిరగేస్తూ ఆ అంకె చెప్పాడు. నా జేబులో ఉన్న చిన్న డబ్బా వెల కూడా దాదాపు అంతే. నారు పోసిన నాటి నుండి మందులూ నీళ్ళూ కోతకూలీ పెట్టి, ఎండబెట్టి, తాలుకాయ ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలితే వచ్చే ఒక క్వింటా డబ్బు నా రెండు చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నానన్నమాట. దాన్ని మధ్యరకం అనడానికి ఆ తర్వాత నాకు నోరు రాలేదు. వీటిని నిక్కచ్చిగా తూచి చూడాలన్న పట్టుదల కూడా అప్పుడే వచ్చింది. వినోదానికి కొన్న వస్తువు లెక్క చెప్పవలసిన వస్తువైపోయింది.

తూచే ముందు అదేమిటో రెండు ముక్కలు. మామూలు ఇయర్‌ఫోన్‌లో పలుచని గుండ్రటి పొర ఉంటుంది, దాని వెనుక సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. కరెంటు పారినప్పుడు అయస్కాంతం ఆ చుట్టను ముందుకూ వెనక్కూ నెడుతుంది, చుట్ట పొరను నెడుతుంది. పలకబిళ్ళలో చుట్ట ఉండదు. తీగనే చాలా పలుచని పొర మీద ముగ్గులా పరిచేస్తారు, అయస్కాంతాలు పొరకు ఎదురుగా వరుసకట్టి ఉంటాయి. అందువల్ల పొరంతా ఒక్కసారిగా కదులుతుంది. మన ఊళ్ళో తప్పెట మధ్యలో కొడితే అంచు కాస్త ఆలస్యంగా ఊగుతుంది చూడండి, ఆ తేడా ఇందులో బాగా తక్కువ. ఊహ కొత్తదేమీ కాదు, యమహా వారు 1976లోనే ఈ పద్ధతిలో తలకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు అమ్మారు. దానిని చెవిలో పట్టేంతగా కుదించడమే ఇటీవలి పని. 2021లో వచ్చిన 7హెర్ట్జ్ టైమ్‌లెస్, ఆ మరుటి సంవత్సరం వచ్చిన లెట్‌షువర్ ఎస్12 ఈ ధరలో వీటికి గిరాకీ తెచ్చాయి. మొదటిదానిలో పొర వెడల్పు 14.2 మిల్లీమీటర్లు, రెండవదానిలో 14.8. చెవిలో పెట్టుకునేదానికి అది పెద్ద పలకే.

సమీక్షకులు వీటిని పరీక్షించే పాటలు చూస్తే గిటారో పియానోనో పాశ్చాత్య గాయని గొంతో ఉంటుంది. అవి బాగున్నంతమాత్రాన నాకేం లాభం? నా తరాజు వేరు. మా నాన్నకు నాదస్వరమంటే ప్రాణం. అందులోనూ షేక్ చిన మౌలానా గారంటే మరీను. ఆయన 1924లో ఒంగోలు పక్కన కరవదిలో పుట్టారు. చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారి వద్ద నేర్చుకుని, తంజావూరు బాణీ మీది మక్కువతో తమిళదేశం వెళ్ళి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడు కన్నుమూశారు. ఆకాశవాణిలో తెల్లవారుజామున మంగళవాద్యంగా ఆయన నాదస్వరం వచ్చిన రోజున నాన్న మిల్లుకు ఆలస్యంగా వెళ్ళేవాడు. నేను సంగీతం వినడం మొదలుపెట్టింది ఆ రేడియో పక్కనే. కాబట్టి మొదటి పరీక్ష చిన మౌలానా గారిదే. రెండవది ఆయన శిష్యులు, 2021లో పద్మశ్రీ అందుకున్న కలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులది. మూడవది 1950ల నాటి ఘంటసాల పాటలు.

నాదస్వరం ఆరుబయట వినవలసిన వాద్యం. గుడి ప్రాకారం దాటి వీధి చివరికి వినబడడానికి పుట్టినది. దాన్ని తెచ్చి చెవి రంధ్రంలో కూర్చోబెట్టడమే ఒక అపచారమేమో. అయినా మొదటి రోజు ఆశ్చర్యపోయాను. ముందుగా నన్ను కట్టిపడేసింది సన్నాయి కాదు, డోలు. డోలుకు ఒక వైపు కర్రపుల్లతో కొడతారు, రెండవ వైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్ళతో. నా పాత ఇయర్‌ఫోన్లలో ఈ రెండూ కలిసిపోయి ఒకే ధణధణగా వినిపించేవి. ఇందులో పుల్ల దెబ్బ వేరు, వేళ్ళ జల్లు వేరు. దెబ్బ పడగానే ఆగిపోతుంది, తర్వాతి దెబ్బకు చోటు వదులుతుంది. ఎంత వేగంగా నడిచినా లెక్క తప్పకుండా వినబడింది. దంపతులిద్దరూ ఒకే వరుస వాయిస్తున్నప్పుడు ఎవరి ఊపిరి ఎక్కడ ఆగుతున్నదో పట్టుకోగలిగాను.

సన్నాయి దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. నాదస్వరం పీకలో ఒక తడి ఉంటుంది, కొంచెం గరుకు ఉంటుంది. స్వరం నుండి స్వరానికి జారేటప్పుడు ఆ గరుకే దానికి ప్రాణం. పలకబిళ్ళ ఆ గరుకును తుడిచి మెరుగు పెట్టింది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు తళతళలాడుతోంది, పై స్థాయిలో ఆ మెరుపు గుచ్చుకుంటోంది కూడా. ఇది ఈ జతకే కాదు, ఈ జాతికే ఉన్న గుణమని చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపించింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇయర్‌ఫోన్లను కొలిచే కృత్రిమ చెవి యంత్రంలో 8,000 హెర్ట్జ్ దగ్గర ఎప్పుడూ ఒక గుట్ట లేస్తుంది. అది చాలావరకు యంత్రపు గొట్టం పొడవు వల్ల పుట్టేది. మన చెవి గొట్టం పొడవు వేరు, రబ్బరు మొన లోపలికి దిగే లోతు వేరు, కనుక గుట్ట మరోచోట లేస్తుంది. గీతలు చూసి ఇంకొకరికి గుచ్చుకుంటుందో లేదో చెప్పలేమన్నమాట. మొనలు మార్చి, కొంచెం లోతుగా దించితే నాకు గుచ్చుకోవడం సగానికి తగ్గింది.

ఘంటసాల పాటలకు మాత్రం ఇది దండగ. ఆ రోజుల పాటలన్నీ మోనో. కుడి ఎడమల విశాలతకు అక్కడ తావే లేదు. గొంతు కంటే రికార్డు గీతల చిటపటలు స్పష్టంగా వినిపించాయి. పెద్దాయన ముఖం మీద భూతద్దం పెట్టి ముడతలు లెక్కపెట్టినట్టుంది. రెండు వేల రూపాయల మామూలు ఇయర్‌ఫోన్లే ఆయనకు మర్యాద.

(ఎండాకాలం మొదలయ్యాక ఇంకొక అనుభవం. ఒక మధ్యాహ్నం కల్లంలో కాయలు ఎత్తించి, చేతులు కడిగాననుకుని, రబ్బరు మొనలు సర్ది చెవిలో పెట్టుకున్నాను. చెవిలో తేజ రకం మిరపకాయ ఎంతసేపు మండుతుందో ఏ సమీక్షలోనూ వ్రాయలేదు. ఆ రాత్రి దాకా మండుతుంది.)

అసలు కథ ఇప్పుడు. రెండవ వారంలో నాకు ఎడమ వైపు మందంగా ఉన్నదని అనుమానం వచ్చింది. సన్నాయి నడిమధ్యన ఉండక కొంచెం కుడికి ఒరిగి ఉంటోంది. క్వింటా మిర్చి పోసి కొన్నది, ఊరుకుంటానా! అమ్మినవారికి ఘాటుగా ఉత్తరం వ్రాసాను. వారు మారుమాట లేకుండా కొత్త జత పంపారు. అదీ అంతే. నాణ్యత గురించి ఇంకొక ఉత్తరం, ఈసారి ఇంకాస్త ఘాటుగా, వ్రాసి పెట్టుకున్నాను. పంపే ముందు ఎందుకో ఎడమ బిళ్ళను కుడి చెవిలోనూ కుడిదాన్ని ఎడమలోనూ పెట్టి చూద్దామనిపించింది. వాటి ఆకారం అందుకు ఒప్పదు, చేత్తో అదిమి పట్టుకోవాలి. ఒకే స్థాయి శబ్దాలను వరుసగా వినిపించుకున్నాను. 4,000 హెర్ట్జ్ దగ్గర మందంగా ఉన్నది మళ్ళీ ఎడమ వైపే. బిళ్ళలు మారాయి, లోపం మారలేదు. అది నాతోనే ఉంది.

ఉత్తరం చింపేసి గుంటూరు వెళ్ళి చెవి పరీక్ష చేయించుకున్నాను. నాన్న కూడా వస్తానన్నాడు. గాజుగదిలో కూర్చోబెట్టి 250 నుండి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క శబ్దమే వినిపించి, వినబడినప్పుడు చెయ్యి ఎత్తమన్నారు. నా ఎడమ చెవి గీత 4,000 దగ్గర చిన్న గుంటలో దిగి, 8,000కు మళ్ళీ లేచింది. పెద్ద హోరు విన్న చెవులకు ఆ గుంట పడుతుందని పరీక్ష చేసినామె చెప్పారు. నేను ఏ మిల్లులోనూ పనిచేయలేదే అన్నాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, కాలేజీ రోజుల్లో బస్సులో నేనూ నా స్నేహితుడూ ఒకే వాక్‌మన్ పంచుకునేవాళ్ళం. నాది ఎడమది. ఇంజను హోరును మించి పెంచేవాళ్ళం. పెద్దవారు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళు దాటకుండా వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. మాకప్పుడు డెసిబెల్ అంటే ఫిజిక్సు పరీక్షలో రెండు మార్కులు.

నాన్న గీతను చూసి నేను మాట్లాడలేకపోయాను. రెండు చెవులకూ 4,000 దగ్గర బావి. ఆ తర్వాత కూడా లేవలేదు. ముప్ఫయ్యొక్కేళ్ళు జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. వరుసగా పెట్టిన రోలర్ జిన్ల మధ్య, ఒక మనిషి ఇంకొక మనిషితో సైగలతో మాట్లాడే చోట. "చెవుల్లో ఏమీ పెట్టుకునేవారు కాదా?" అని ఆమె అడిగితే నవ్వాడు. "చుట్టూ పత్తేనమ్మా. కాస్త తీసి చెవిలో పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే నలుగురూ నవ్వేవాళ్ళు." ఉత్త దూది ఆ హోరును ఆపేది ఎంతో కొంతేనని ఆమె చెప్పింది. ఆ మాటకు ఆయన కొంచెం తేరుకున్నట్టు నాకనిపించింది.

ఆ సాయంత్రం పలకబిళ్ళలు ఆయన చెవుల్లో నేనే పెట్టాను. చిన మౌలానా గారి రాగం. కొంతసేపు విని, "ఏందిరా, సన్నాయికి గుడ్డ చుట్టారా?" అన్నాడు. నన్ను గుచ్చుకున్న ఆ తళతళ ఆయనకు అసలు చేరనే లేదు. నేను వారాల తరబడి తగ్గించాలని చూసిన శబ్దం ఆయనకు ఏళ్ళ క్రితమే పోయింది. ఫోనులో ఈక్వలైజరు తెరిచి, మొత్తం శబ్దం తగ్గించి, 3,000 నుండి 5,000 వరకు మాత్రం కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. నాకైతే అది భరించరాని రొద. ఇది చెవికి వైద్యం కాదు, పోయినది రాదు, ఎక్కువ పెంచితే మిగిలినదీ పోతుంది. ఆ భయంతోనే ఒక్కొక్క మెట్టూ ఎక్కించాను. ఒకచోట ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఇక చాలన్నట్టు. ఏమీ అనలేదు. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

ఇంతకీ కొనవచ్చా అని అడిగే మిత్రులకు: డోలు, మృదంగం, ఈ కాలపు శుభ్రమైన రికార్డింగులు మీకు ముఖ్యమైతే ఈ జాతి బిళ్ళలు బాగుంటాయి. పాత సినిమా పాటలే మీ ప్రపంచమైతే వద్దు. మొనలు నాలుగైదు కొలతలవి మార్చి చూడకుండా తీర్పు చెప్పకండి. నా తీర్పును మాత్రం ఒకటిన్నర చెవి తీర్పుగానే తీసుకోండి. తయారుచేసినవారి పేరు అందుకే వ్రాయలేదు. లోపం లేని జతను లోపమని తిప్పి పంపినవాడిని, వారిని తూచే అర్హత నాకెక్కడిది?

రాగం అయ్యాక నాన్న బిళ్ళలు తీసి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసాడు. ఎంతయిందని అడిగాడు. వెయ్యో రెండు వేలో అని చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది కూడా. కల్లంలో అన్నయ్య టార్పాలిన్లు కప్పుతున్న చప్పుడు వినబడుతోంది.

"క్వింటా మిర్చి అయింది నాన్నా."

ఆయన ఇంకొకసారి బిళ్ళల వైపు చూసాడు.

"తేజానా, 334నా?"