వేడిమి పొదుపు

కాగిన పాలగిన్నెను చన్నీటి పళ్ళెంలో ఉంచితే పాలు చల్లారుతాయి, నీరు వెచ్చబడుతుంది. ఆ నీటిని పారబోయక అంట్లు కడగడానికి వాడుకోవడం పొదుపరి లక్షణం. పెద్ద రసాయన కర్మాగారాలలో ఈ పొదుపు అంత సులభం కాదు. అక్కడ ఒకచోట ఇంధనం మండించి ద్రవాన్ని కాచాలి. వేరొకచోట మరిగే ద్రవాన్ని చల్లార్చాలి. ఏ వేడి ప్రవాహాన్ని ఏ చల్లని ప్రవాహంతో జతపరచాలన్నదే చిక్కు. ప్రవాహాలు పెరిగేకొద్దీ జతకూర్పులు లెక్కకు మిక్కిలి అవుతాయి.

1973లో చమురు ధరలు పెరగనారంభించిన పిమ్మట ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం హెచ్చింది. ఆ దశకంలో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన బోడో లిన్‌హాఫ్, ఆయన సహచరులు చక్కని మార్గం చూపారు. వేడి ప్రవాహాలన్నింటినీ ఒక రేఖగా, చల్లనివాటిని మరొక రేఖగా గీస్తే అవి మిక్కిలి చేరువయ్యే చోటు 'పించ్'. దానిని దాటించి పైనుండి క్రిందికి ఒక వంతు వేడిని పంపితే, పైన ఒక వంతు ఇంధనం, క్రింద ఒక వంతు శీతలీకరణ అదనంగా కావలసి వస్తాయి. ఒక్క పొరపాటుకు రెండు దండుగలు!

అయితే వేడిని మరీ ఆదా చేయబూనితే ఉష్ణ వినిమయ యంత్రాల వైశాల్యం, ఖర్చు పెరుగుతాయి. ఈ రెంటి నడుమ సమతూకాన్ని గణితం వెదకుతుంది. 1989లో ఎల్ హల్వాగీ, మనూసియుథాకిస్ ఈ ఆలోచననే ద్రవ్య వినిమయానికి విస్తరింపజేశారు. వ్యర్థ జలాలలోని కాలుష్యాన్ని తక్కువ ఖర్చుతో వేరుచేయడానికి అది తోడ్పడింది.

కొలిమిలో తగ్గిన ప్రతి వంతు ఇంధనమూ పొగగొట్టం చెంత నివసించేవారి ఊపిరిని కొంత తేలికపరుస్తుంది.