యోగము, క్షేమము: ఈమెయిలు నిధికి వేదం నేర్పే రక్షణ

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలోని యోగక్షేమ శబ్దానికి శంకర భగవత్పాదులు చేసిన వివరణ సుప్రసిద్ధం. అప్రాప్తమైనదానిని పొందటం యోగం. ప్రాప్తించినదానిని రక్షించుకొనటం క్షేమం. యోగానికి పడే శ్రమలో శతాంశమైనా మానవుడు క్షేమానికి పడడు. ఈ సత్యం ధనధాన్యాలకే కాక, నేటి ఈమెయిలుకూ వర్తిస్తుంది.

లారీ రవాణాకు పేరొందిన సాలూరునే ఉదాహరణగా గ్రహిద్దాం. లోడు వివరాలు, బీమా పత్రాలు, బాకీల లెక్కలు ఈమెయిలులో నడిచే కార్యాలయంలో సర్వరు ఒక్కనాడు చెడితే, ప్రమాదానికి గురైన డ్రైవరు కుటుంబానికి పరిహారం ఇప్పించే ఆధారమే అదృశ్యం కావచ్చు. కనుక ఇది కేవలం యంత్రవిషయం కాదు, ధర్మవిషయం.

కొందరు రెండు డిస్కులలో ఒకేసారి వ్రాయించి నిశ్చింతగా ఉంటారు. అది బింబప్రతిబింబ న్యాయం. ఒక డిస్కు పాడైతే రెండవది ఆదుకొంటుంది. కాని ఒక ఉత్తరాన్ని పొరపాటున చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది. 2011 ఫిబ్రవరి చివర, నిల్వ సాఫ్టువేరు నవీకరణలోని లోపం పలు ప్రతులకు సోకి, జీమెయిలు వినియోగదారులలో సుమారు 0.02 శాతం మందికి ఉత్తరాలు కనిపించకుండా పోయాయి. సర్వరులతో సంబంధం లేకుండా విడిగా ఉంచిన టేపుల నుండే వాటిని పునరుద్ధరించారు. అసంగత్వమే ఆ టేపులను కాపాడింది.

అందుచేతనే మూడు ప్రతులు, రెండు విధాల మాధ్యమాలు, ఒక ప్రతి దూరప్రదేశంలో అనే నియమం ఏర్పడింది. దూరమంటే ఎంత? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకి, ఉత్తరాంధ్రను అల్లకల్లోలం చేసింది. సాలూరులోని నిధికి రక్షణప్రతిని విశాఖలో ఉంచటం కన్న, ఉత్తరాంధ్ర దాటించటమే శ్రేయస్కరం.

వ్యయానికి వెరవనక్కరలేదు. ఆరంభంలో ఒక సంపూర్ణ ప్రతి, పిమ్మట ప్రతిరాత్రి మారిన భాగం మాత్రమే తీసుకొంటే చాలు. ఒకే పత్రం నూరుగురికి వెళ్ళినా ఒక్కమారే నిలువచేసి, తక్కినచోట్ల సూచన మాత్రమే ఉంచే డీడూప్లికేషన్ విధానం ఉన్నది. ఇది లాఘవం. అయితే ఆ ఒక్క ప్రతి చెడితే నూరుగురికీ నష్టమే. కనుక ప్రతి ఖండానికీ చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్య అవసరం.

ఈ సరిచూపు వేదాధ్యయనపరులకు నూతనం కాదు. ఘనపాఠంలో పదాలు ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మరల ఒకటి-రెండు-మూడు అని ఆవృత్తమవుతాయి. ఒక్క పదం జారినా ఆవృత్తిలో బయటపడుతుంది. ఇంతటి విధానం ఉండి కూడ, పతంజలి మహాభాష్యం పేర్కొన్న ఋగ్వేదపు 21 శాఖలలో, యజుర్వేదపు 101 శాఖలలో నేడు అధ్యయనంలో ఉన్నవి అత్యల్పం. వల్లించే కంఠం లేనినాడు విధానం ఒక్కటే శాఖను నిలుపలేదు.

ఈమెయిలు ప్రతులకూ ఇదే గతి. తెరిచి చూడని ప్రతి ఉన్నదని నమ్మటం భ్రాంతి. నెలకొక్కమారైనా వేరొక యంత్రంపై ఒక మెయిల్‌బాక్సును పునరుద్ధరించి, ఉత్తరాలను, జోడించిన పత్రాలను తెరిచి చూడాలి. ఆ నిధికి అదే స్వాధ్యాయం, అదే క్షేమం.

స్వస్తి.