ఏడున్నరకు మా గడప తొక్కొద్దు

ముందే చెప్తున్నా, తర్వాత నిష్ఠూరాలొద్దు. ఇడుపులపాయ వైపు వస్తే ఎస్టేటు చూడండి, నెమళ్లను చూడండి, గండికి పోయి ఆంజనేయస్వామికి దండం పెట్టుకోండి. అవన్నీ అయినాక మా ఇంటికీ రండి. సంగటి చేసి, చెనక్కాయల ఊరిబిండి నూరి పెడతా. కానీ రాత్రి ఏడున్నరకు మాత్రం రావద్దు. వచ్చినా తలుపు తీసేవాళ్లుండరు. ఇంట్లోనే ఉంటాం. అయినా తీయం.

మా అత్త సీరియల్ చూస్తా ఉంటుంది. మేము మా అత్తను చూస్తా ఉంటాం. రెండిట్లో ఏది బాగుంటుందని అడగొద్దు, నాకు మొహమాటం.

"ఒసే, ఆ పాలు తాగొద్దే! దాంట్లో ఏందో కలిపింది ఆ పాపిష్టిది!" అని ఈమె ఇక్కణ్నించి అరుస్తుంది. టీవీలో పిల్ల వింటుందా? గటగటా తాగేస్తుంది. "చెప్తే ఇంటే గదా" అని మా అత్త నా వైపు తిరుగుతుంది. పాలు తాగింది ఆ పిల్ల, ఉరిమే చూపు నాకు. ఎనభై దగ్గర పడిన మనిషి. బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని రోజూ నన్నే అడుగుతుంది. మోనిత ఏ రోజు ఏ అబద్ధం చెప్పిందో మాత్రం వారం, వర్జ్యంతో సహా చెప్తుంది.

మోనిత ఎవరంటారా? ఏ ఊర్లో ఉన్నారండీ మీరు?

సరే, తెలియనివాళ్ల కోసం చెప్తా. మీకు తెలుసులెండి, మీ ఆయన కోసం అనుకోండి. 2017 అక్టోబరులో స్టార్ మాలో 'కార్తీకదీపం' మొదలయింది. 2023 జనవరి దాకా నడిచింది. పదిహేను వందల ఎపిసోడ్ల పైమాటే. దీప నల్లగా ఉంటుంది, అదీ ఆమె చేసిన నేరం. డాక్టర్ బాబు ఇష్టపడే చేసుకున్నాడు. చేసుకున్నాక మోనిత మాట నమ్మి పెళ్లాన్ని అనుమానించినాడు. కడుపుతో ఉన్న దీప బయటికి నడిచింది, నలుగురికి వండిపెట్టి పిల్లను సాక్కుంది, వంటలక్క అయింది. ఒక్క డీఎన్‌ఏ పరీక్ష మొదట్లోనే చేయించుకుని ఉంటే కథ వారంలో కంచికి పోయుండేది. ఆయనేమో డాక్టరు! మా వీధిలో ఐదో తరగతి పిల్లకు తట్టింది, ఆయనకు తట్టలేదు. తట్టకపోవడమే మంచిదయింది. మా ఇంట్లో ఐదేండ్ల పైన రాత్రి కూరకు వంక పెట్టినవాళ్లు లేరు. నోట్లో పెట్టింది ఏందో చూసుకుంటే కదా.

ఆ దీప వేషం కట్టిన ప్రేమీ విశ్వనాథ్‌ది కేరళ. ఇదే కథ మలయాళంలో 'కరుత్తముత్తు' అని ముందే వచ్చింది, అక్కడా నల్లపిల్ల ఈమే. అసలు మనిషేమో తెల్లగానే ఉంటుంది. రంగు పూసి నల్లగా చేసినారు. ఈ ముక్క మా అత్తకు చెప్పి తప్పు చేసినా. ఒక పూటంతా గొణుగుతానే ఉంది.

"నల్లపిల్ల కావాలంటే పులివెందల బస్టాండులో నిలబడితే సాలు గదమ్మే, గంపకెత్తుకోవచ్చు! తెల్లదాన్ని పట్టుకొచ్చి మసి పూసేదేంది? రంగు ఖర్చన్నా మిగిలేది."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే గోడ కాడికి రండి. ఏడున్నర లోపల.

2020లో ఐపీఎల్ ఆటలు కూడా సరిగ్గా ఏడున్నరకే పెట్టినారు. గుర్తుందా? సిరిసిల్ల వైపు ఒకాయన, ఇంట్లో ఉన్నది ఒకటే టీవీ, గొడవలు పడలేకపోతున్నాం, సీరియల్ టైము మార్చండి మహాప్రభో అని చానెల్ వాళ్లకు మొర పెట్టుకున్నాడు. మా ఇంట్లో గొడవే రాలేదు. మా ఆయన క్రికెట్టు సెల్లులో చూసుకున్నాడు. వాకిట్లో, దోమల మధ్య.

ఇక ఆ సీరియళ్లు తీసే పద్ధతి ఉంది చూశారూ, అదింకో ఆనందం. ఒక మాట అంటే ధన్ మంటుంది. అన్నామె మొహం మూడుసార్లు దగ్గరికొస్తుంది. తర్వాత విన్నామె మొహం మూడుసార్లు. తర్వాత మూలన కాఫీ కప్పు పట్టుకొని ఊరికే నిలబడినామెది కూడా మూడుసార్లు. ఈ లోపల నేను పోయి పొయ్యి మీద పాలు దించి, పిల్లి వస్తే తరిమి, వచ్చి కూర్చుంటా. ఇంకా ఎవరూ జవాబు చెప్పి ఉండరు. ఒకసారి ఆ ధన్ మధ్యలో పెరట్లో నెమలి అరిచింది. "ఈ సౌండు బాగా పెట్టినారు" అంది మా అత్త.

నగలు? అయ్యో, మరిచిపోతానా. ఆ సీరియల్ అత్తలు పడుకునేటప్పుడు కూడా వడ్డాణం తీయరు. పక్కకు ఎట్లా తిరుగుతారో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆడబిడ్డ కూతురి పెళ్లికని ప్రొద్దుటూరు పోయినాం. ప్రొద్దుటూరు బంగారం బజారు గురించి నేను చెప్పాలా మీకు? ఒక అంగట్లో మా వదిన సెల్లు తీసి, సీరియల్లో అత్త వేసుకున్న హారం ఫొటో చూపించింది. అంగడాయన కండ్లద్దాలు పైకి తోసుకొని చూసి, "అమ్మా, ఇది గిల్టు" అన్నాడు. మా వదిన మొహం మూడుసార్లు దగ్గరికొచ్చింది. నిజంగా, నేను చూసినా. ధన్ మనడం ఒక్కటే తక్కువ.

నా మంట ఒకటుంది, అది చెప్పకపోతే నిద్ర పట్టదు. మంచి కోడలు ఎప్పుడూ పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. "ఏమైంది అత్తయ్యా, ఎందుకలా ఉన్నారు?" అంటుంది. ఈ భూమ్మీద ఏ కోడలన్నా అట్లంటుందా? అసలు ఆ హీరోయిన్లలో చానామంది బెంగళూరు వైపు నుంచి వచ్చినవాళ్లు, గొంతు ఇంకొకరిది, కథ ఇంకో రాష్ట్రానిది. దానికి నాకు బాధ లేదు. సుమ పాలక్కాడు నుంచి వచ్చి మనకంటే చక్కని తెలుగు మాట్లాడట్లేదా? ఈటీవీలో 'స్టార్ మహిళ' అని ఏండ్లకేండ్లు నడిపి, మామూలు ఇల్లాండ్రను తెచ్చి ఆటలాడించి పకపకా నవ్వించలేదా? నా బాధల్లా మా యాస గురించి. కడప యాస సీరియల్లో ఎవరికిస్తారు? పనిమనిషికిస్తారు. లేకుంటే సుమోలోంచి దిగిన రౌడీకిస్తారు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి సినిమాల్లోనూ మాకు ఇదే కర్మ. మా అత్త ఒక్క ముక్కలో తేల్చేసింది: "మనం నోరు తెరిస్తే బాంబులన్నా ఎయ్యాల, గిన్నెలన్నా తోమాల."

యాస పోతే పోయింది గానీ, ఆడవేషాల సంగతి మాకు చెప్పడానికి ఎవరైనా వస్తే మాత్రం నేనూరుకోను. మాది వేంపల్లె మండలం. పక్క మండలం చక్రాయపేట. ఆ మండలంలోదే సురభి ఊరు. 1885లో వనారస గోవిందరావు గారు అక్కడ 'కీచకవధ' ఆడితే, సురభి నాటకాలు పుట్టినాయి. ఊర్లన్నిట్లో మగవాళ్లు మీసాలు గొరిగించుకొని ద్రౌపదులయ్యే కాలంలో, ఈ కుటుంబాలు తమ ఇంటి ఆడవాళ్లనే రంగం మీదికి తెచ్చినాయి. నూటపాతికేండ్లు దాటినాక, 2013లో, ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయింది. చూస్తే ఏముంది, మళ్లీ మగవాళ్లు నున్నగా గొరుక్కొని చీరలు కట్టుకొని వచ్చినారు! తల కొట్టుకోవాలా, నవ్వాలా? నేను నవ్వినా. మా అత్త నవ్వలేదు. ముందుకు వంగి, కండ్లు చికిలించి చూసి, "కుచ్చిళ్లు మాత్రం నాకంటే బాగా పెట్టుకున్నాడు నాయాలు" అంది.

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కూతురు వచ్చింది. ఇక్కడే ట్రిపుల్ ఐటీలో చదువుతుంది, హాస్టలు కూడు తప్పించుకోవడానికి నేను గుర్తొస్తా ఉంటా. "పెద్దమ్మా, నీ సీరియళ్లు ఆడవాళ్లను వెనక్కి తీసకపోతున్నాయి" అంది. సంగటి ముద్ద మింగినాకే అందిలెండి, తెలివైన పిల్ల. ఇటలీ టీవీ మీద తీసిన సినిమా ఒకటి సెల్లులో పెట్టింది. లొరెల్లా జనార్దో అనే ఆమె 2009లో తీసింది. పేరుకు అర్థం 'ఆడవాళ్ల దేహం' అట. అరగంట కూడా లేదు. వాళ్ల టీవీల్లో ఆడపిల్లల్ని ఎట్లా చూపిస్తారో ముక్కలు ముక్కలు ఏరి పెట్టింది. అక్కడ 1988లో మొదలయిన కార్యక్రమం ఒకటుందట, వార్తల మీద ఎగతాళి చేసేది, 'స్ట్రిషా లా నోతిత్సియా'. ఎక్కువగా ఇద్దరు మగవాళ్లు బల్ల ముందు కూర్చొని మాట్లాడేవాళ్లట. ఇద్దరు ఆడపిల్లలు చాలీచాలని గుడ్డల్లో ఆ బల్ల మీద చిందేసి పోయేవాళ్లట. వాళ్లను 'వెలీనె' అంటారట. వార్తల ఆఫీసుల్లో వాడే పలచని కాగితాల పేరు అది. మనిషికి కాగితం పేరు!

మా అత్త ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో చూసుకోలేదు. నాకు గుండె గుభేలుమంది. ఈ గుడ్డలు చూసి ఏమంటుందో, పిల్ల చదువు మాన్పించమంటుందో అని.

"ఆ పిల్లలు ఏం మాట్లాడరా?"

"మాట్లాడరు అవ్వా. ఊరికే నవ్వుతా నిలబడతారు."

"ఒక్క మాట గూడానా?"

"ఊహూఁ."

మా అత్త అట్లనే కూలబడింది. "గుడ్డ తక్కువైతే పోయింది. మాట లేకుండా ఎట్లమ్మే బతికేది?"

పిల్ల నోరు తెరుచుకొని చూసింది. నేనా సందులో నా సీరియళ్లను వెనకేసుకొచ్చినా. ఏమాటకామాటే చెప్పుకోవాల. మన సీరియల్లో ఆడది మాట్లాడని నిమిషం ఒకటి చూపించండి! ఏడ్చేదీ ఆమే, ఏడిపించేదీ ఆమే. ఆస్తి కాజేసేదీ ఆమే, కాజేసిన ఆస్తి తిరిగి తెచ్చేదీ ఆమే. మగవాళ్లకు పనేముంది? కోటు వేసుకొని మెట్లు దిగుతారు. "అమ్మా!" అంటారు. మళ్లీ మెట్లెక్కుతారు. మొగుడు లేకుండా సీరియల్ వారం నడుస్తుంది, మోనిత లేకుండా రెండు రోజులు నడవదు. ఆ మోనిత వేసిన శోభా శెట్టిని తిట్టినన్ని తిట్లు మా అత్త నన్ను కూడా తిట్టలేదు. కానీ మోనిత కనిపించని రోజు ఉంది చూశారూ, సగంలోనే లేచి దుప్పటి కప్పుకునేది.

"మరి ఆ సినిమాలో ఆమె ఇంకోటి కూడా అంటుంది పెద్దమ్మా. వయసు మీదపడిన ఆడమొహాన్ని ఉన్నదున్నట్టు చూపించరు, ముడతలు దాచేస్తారు అని" అంది పిల్ల. ఈసారి నాకు మాట రాలేదు. మన సీరియల్ అత్తకు, కోడలికి వయసులో తేడా ఏమాత్రముంటుంది? జుట్టు పక్కన ఒక తెల్లగీత గీస్తే అత్త, చెరిపేస్తే కోడలు. మా అత్త చెంపలు తడుముకుంది. ఏమీ అనలేదు. టీవీ గట్టిగా పెట్టింది.

అన్నీ అట్లాంటివే కాదులెండి. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' వచ్చే రోజుల్లో, పాట మొదలయితే చాలు, బట్టలుతికే చోటు నుంచి తడి చేతులతో పరిగెత్తినవాళ్లం మేం. తీసింది మంజులా నాయుడు. ఆమే జెమినీలో 'చక్రవాకం' తీసింది, తర్వాత 'మొగలిరేకులు', 2008 నుంచి 2013 దాకా. ఆడమనిషి కెమెరా వెనక నిలబడితే కోడళ్లకు కాస్త బుద్ధి, అత్తలకు కాస్త మనసు ఉండేవి. తమాషా ఏందంటే, అంత చేస్తే మా వీధి ఆడవాళ్లు ఎవరిని గుర్తు పెట్టుకున్నారు? 'మొగలిరేకులు'లో ఆర్‌కే నాయుడిని! పోలీసు బట్టల్లో. నేనేమీ అనను, నేనూ ఆ లెక్కలోదాన్నే.

మొన్న మంగళవారం ఏమయిందో విన్నారా? కొత్త సీరియల్. అత్త చెయ్యెత్తింది, కోడలు ఆ చెయ్యి గాలిలోనే పట్టుకుంది, ధన్... కరెంటు పోయింది. వీధి వీధంతా "అయ్యో" అంది. పక్కింటి చిన్నమ్మ, ఎదురింటి రెడ్డెమ్మక్క, మా వదిన, ఇంకొకరు మా అరుగు మీదికి చేరినారు. ఇసనకర్రలు ఊగుతున్నాయి. మా అత్త గొంతు సవరించుకుంది.

"ఆ కోడలు ఇంగ ఏం జేస్తాదంటే" అని ఎత్తుకుంది. కోడలు అత్త చెయ్యి వదిలేసింది, కొట్టలేదు. మెడలో హారం తీసుకొని ప్రొద్దుటూరు పోయింది. ఇది గిల్టు కాదు, నిఖార్సయిన బంగారం, మా వదిన వైపు చూస్తానే చెప్పింది. అమ్మి, వేంపల్లె కాడ మూడెకరాలు కొనింది. చీనీ చెట్లు పెట్టింది. మొగుడు కోటు వేసుకొని వచ్చి "నన్ను క్షమించు" అన్నాడు. "కోటు ఇప్పి పార పట్టుకో" అంది కోడలు. అందరం పడి పడి నవ్వుతున్నాం. కోడలు మాట్లాడేది అచ్చం మా మాటే. పార పట్టిన మొగుడికి ఒక్క డైలాగు కూడా లేదు.

ముక్కాలు గంటకు కరెంటు వచ్చింది. టీవీ దానంతట అదే వెలిగింది. సీరియల్ అయిపోయింది, ఇంకోటి నడుస్తా ఉంది. ఎవరూ లోపలికి తిరిగి చూడలేదు.

"అది సరే గానీ పెద్దమ్మా, మూడెకరాలు చీనీకి నీళ్లు యాడివి? బోరు పడిందా?" అంది రెడ్డెమ్మక్క.

మా అత్త చేతికర్ర అందుకొని లేచింది.

"అది రేపు."