జనాభా లెక్కలకు చిక్కని జూయెట్ దొర

బోస్టన్‌లో న్యూబరీ వీధి అంటే ఖరీదైన బట్టల షాపులు, కాఫీ హోటళ్లు. ఆ సందడి మధ్యనే ఉంది న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ. 1845లో పెట్టారు, వంశచరిత్రల కోసం అమెరికాలో వెలిసిన మొదటి సంఘం ఇదే. కాశీలో, గయలో పండాల దగ్గర మన తాతముత్తాతల పేర్లున్న పుస్తకాలుంటాయి చూడండి, అలాంటివి ఒక భవనం నిండా ఉన్నాయనుకోండి. నేను వెతుక్కుంటూ వెళ్లింది నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులకు బాగా తెలిసిన దొర కోసం: లైమన్ జూయెట్. 1854 జనవరి 1న తెల్లవారుజామునే భార్యతో, ముగ్గురు తెలుగు క్రైస్తవులతో ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేసిన పాదిరి ఆయనే. నెల్లూరు మిషన్ మూసేద్దామని అమెరికాలో పెద్దలు తలపోస్తే ససేమిరా అన్నదీ ఆయనే.

ఇక్కడ పేరు ఒక్కటే చెబితే పని జరగదు. ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడుగుతారు. మెయిన్ రాష్ట్రం, వాటర్‌ఫోర్డ్, 1813 అన్నాను. “అప్పటికి అది మసాచుసెట్సే కదండీ” అన్నారు లైబ్రేరియన్ నవ్వుతూ. నిజమే, 1820 దాకా మెయిన్ విడి రాష్ట్రం కాదు. మన ఒంగోలు మొదట నెల్లూరు, గుంటూరు జిల్లాల లెక్కలో ఉండి తర్వాత ప్రకాశం అయినట్టే, ఊరు కదలకపోయినా కాగితాలు కదులుతాయి.

ముందు జూయెట్ల వంశచరిత్ర తీశాను. 1908లో అచ్చయింది, రెండు లావుపాటి సంపుటాలు. 1638లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి ఓడెక్కి వచ్చి మసాచుసెట్స్‌లో రౌలీ అనే ఊరు కట్టుకున్నవాళ్లలో మాక్సిమిలియన్, జోసెఫ్ జూయెట్ అనే అన్నదమ్ములున్నారు. కథ అక్కడ మొదలవుతుంది. పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక నంబరు. కొడుకు నంబరు పట్టుకుని తర్వాతి పేజీల్లోకి వెళ్తే వాడి పిల్లలు కనిపిస్తారు. ఆడపిల్లకు పెళ్లయిందంటే చాలు, ఆ కొమ్మ అక్కడితో సరి. ఈ ఒక్క విషయంలో తెల్లవాళ్ల వంశవృక్షానికీ మనదానికీ తేడా లేదు.

అసలు తమాషా జనాభా లెక్కల దగ్గర వచ్చింది. అమెరికాలో 1790 నుంచీ పదేళ్లకోసారి లెక్కలు తీస్తున్నారు. 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్లంతా వయసుల వారీగా ఒట్టి అంకెలు. అప్పటికి జూయెట్ ఇంకా చదువుకుంటున్నారు. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ రాయడం 1850లో మొదలైంది. ఆయన 1849కే నెల్లూరు చేరిపోయారు! 1860లో నెల్లూరు, 1870లో నెల్లూరు, 1880లో మద్రాసు. 1890 నాటికి స్వదేశం తిరిగొచ్చారు సరే, ఆ లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని దాదాపు పూర్తిగా పోయాయి. 1897లో ఫిచ్‌బర్గ్‌లో కన్నుమూశారు. అంటే 80 ఏళ్లకు పైగా బతికిన మనిషి పేరు తన దేశపు లెక్కల్లో దొరికే దారే లేదు.

మరి దొరికేదెక్కడ? 1843లో బ్రౌన్ విశ్వవిద్యాలయం పట్టభద్రుల జాబితాలో, 1846లో న్యూటన్ వేదాంత పాఠశాల జాబితాలో, మిషన్ పత్రికల్లో అచ్చయిన ఉత్తరాల్లో. మసాచుసెట్స్ మరణాల రిజిస్టర్లు మరీ విలువైనవి. 1841 నుంచి రాష్ట్రమంతటా రాస్తున్నారు. వయసు, జబ్బు, వృత్తి, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, అన్నిటికీ విడివిడిగా గడులు. చావు చీటీలోనే మనిషి పుట్టుక దొరుకుతుందన్నమాట.

జూయెట్‌తో పాటు ఒంగోలులో ఆ కొండెక్కినవాళ్లలో నెల్లూరు జూలియమ్మ కూడా ఉన్నారు. ఆమెకు ఇలాంటి రిజిస్టరూ లేదు, రెండు సంపుటాల వంశచరిత్రా లేదు. ఆమెలాంటివాళ్ల పేర్లు మిగిలే చోటు మన పాత చర్చిల బాప్తిస్మ పుస్తకాలే. మీ ఊరి చర్చి బీరువాలో అలాంటి పుస్తకం ఉంటే, చెదలు పట్టకముందే సంఘ పెద్దల అనుమతి అడిగి ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టండి.